నలభై ఒకటో పేజీ

హనుమాండ్లుకు ఒకటే అలవాటు. ఏ మాట చెప్పినా దాని పక్కన ఒక పేజీ నంబరు తగిలించేవాడు. చెప్పులు బయట విడవమంటే పదిహేడో పేజీ. కిటికీ తెరవమంటే ఇరవై తొమ్మిదో పేజీ. తుమ్మొస్తే అవతలికి తిరిగి తుమ్మమనడానికి కూడా ఆయన దగ్గర ఒక పేజీ సిద్ధంగా ఉండేది. ఆ పేజీలన్నీ ఉన్న పుస్తకాన్ని మాత్రం ఎల్లారెడ్డిలో ఎవరూ కళ్లతో చూడలేదు.

ముందు ఆయన ఉద్యోగం సంగతి చెప్పాలి. ఎల్లారెడ్డిలో ఒక ఆడపిల్లల బడికీ, కామారెడ్డిలో ఇంకో బడికీ కలిపి బొమ్మల తరగతి ఒకటి పెట్టారు. పిల్లలు కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ ఒకే గదిలో నిలబడ్డట్టు కనపడతారు. ఆ గదిలో ఒక పెద్ద గోడ ఉంటుంది. చేతిలో పట్టుకున్న మీటలే కుంచెలు. నెట్ నడిచినంతసేపూ రెండు ఊళ్ల పిల్లలూ ఆ ఒక్క గోడ మీదే బొమ్మలు వేస్తారు. ఏడాది చివర ఆ బొమ్మల్నే కామారెడ్డిలో నిజం గోడ మీద నిజం రంగులతో వేయించి, వేసిన పిల్లల పేర్లు కింద రాయిస్తారు. ఎల్లారెడ్డి బడికి నాలుగు హెడ్‌సెట్లు, పన్నెండు మంది పిల్లలు. అవి మొరాయిస్తే చూసుకోవడానికి కామారెడ్డిలో ఒక సహాయ కేంద్రం ఉంది. ఆ కేంద్రం మనిషే హనుమాండ్లు.

అంతకుముందు ఆయన సదాశివనగర్‌లో ఇరవై ఏళ్లు కేబుల్ టీవీ వైర్లు లాగాడు. చిల్లర పనులు ఫోన్లోనే చక్కబెట్టమని కేంద్రం వాళ్లు ఎంత చెప్పినా వినేవాడు కాదు. ప్రతి గురువారం కామారెడ్డిలో మొదటి బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగేవాడు. అడిగితే అది ఆరో పేజీ అనేవాడు.

డ్రాయింగ్ టీచర్ వనజకు ఆయనతో వేగడమే సగం ఉద్యోగమైపోయింది. ఆమె సంగతి కూడా తక్కువేం కాదు. మాత్రల అట్ట వెనక అచ్చేసింది మొత్తం చదివితే గానీ మాత్ర మింగని మనిషి. రాసి ఉన్నదంటే ఇక దానికి తిరుగులేదు. అందుకే పేజీ నంబరు వినగానే ఆమె నోరు కట్టుపడిపోయేది. ఆ పుస్తకమేదో ఒకసారి తెచ్చి చూపించమని మూడుసార్లు అడిగింది. బీరువాలో ఉందనీ, తాళం పెద్దసారు దగ్గర ఉందనీ, వచ్చే వారం తెస్తాననీ మూడుసార్లూ అదే జవాబు చెప్పాడు.

ఒకనాడు హెడ్‌మిస్ట్రెస్ పద్మప్రియ గారికి తానూ ఆ గది చూడాలనిపించింది. హెడ్‌సెట్ పెట్టుకుంది. లోపల గోడ పక్కన బల్ల ఒకటి కనపడింది. కాళ్లు నొప్పిగా ఉన్నాయేమో, ఆ బల్ల మీద కూర్చోబోయింది. బల్ల కళ్లకే గానీ కూర్చోడానికి లేదు కదా. భారీ మనిషి దబ్బున నేలమీద పడింది. పిల్లల గొంతుల్లో నవ్వు బయల్దేరబోతుండగా హనుమాండ్లు చెయ్యెత్తాడు.

"నలభై తొమ్మిదో పేజీ. కింద పడ్డోళ్లను ఎవ్వలు సూడొద్దు. అందరు గోడ దిక్కు తిరగుండ్రి."

పన్నెండు మందీ గోడ దిక్కు తిరిగారు. వనజ కూడా తిరిగింది. హెడ్‌మిస్ట్రెస్ నెమ్మదిగా లేచి, చీర సర్దుకుని, కళ్లజోడు పెట్టుకుని, నిజంగానే పుస్తకంలో అట్లా ఉందా అని గంభీరంగా అడిగింది. ఉందన్నాడు. మంచి పుస్తకమని మెచ్చుకుని వెళ్లిపోయింది.

యాభై ఆరో పేజీ ఇంకా కష్టం. కరెంటు పోయి తరగతి ఆగితే పది నిమిషాల దాకా ఎవరినీ ఎవరూ తిట్టకూడదు. గుక్క తిప్పుకోకుండా తిట్టడానికి వనజకు కారణాలు చేతినిండా ఉండేవి. గడియారం చూసుకుంటూ, పళ్లు బిగబట్టి కూర్చునేది. తీరా పది నిమిషాలయ్యేసరికి ఎవరిని ఎందుకు తిట్టాలనుకుందో గుర్తుండేది కాదు.

ఆ పన్నెండు మందిలో భూమిక ఒకతి. ఎనిమిదో తరగతి. అందరికంటే దూరంగా ఉన్న తండా నుంచి వచ్చేది. అమ్మ రామ్లి, నాయన లక్పతి దసరా కాగానే చెరకు కొట్టడానికి మహారాష్ట్ర పోయారు. ఎండాకాలం ముందు గానీ రారు. ఇంట్లో అవ్వ ఒక్కతే. భూమిక గోడ మీద లారీ వేస్తోంది. చెరకు కొట్టేవాళ్లు తట్టా బుట్టా సర్దుకుని, ఎక్కి పోయే లారీ. మూటలు, గిన్నెలు, ఒక మేకపిల్ల, లారీ పైన పది మంది మనుషులు. కామారెడ్డి పిల్లలు తమ కుంచెలు ఆపి ఆ లారీ ముందు నిలబడిపోయేవాళ్లు. అమ్మకూ నాయనకూ మాత్రం ఇంకా ముఖాలు వేయలేదు. చివరికి వేస్తానని పక్కన పెట్టుకుంది.

చిక్కేమిటంటే, ఆ పిల్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్లు తిరిగేవి. మొదటిసారి భయపడి కేక పెట్టింది, పిల్లలు నవ్వారు. రెండోసారి వాంతి చేసుకుంది. మూడోసారి కూడా అయితే పేరు కొట్టేసి ఇంకో పిల్లను తీసుకోవాలని కేంద్రం నియమం. ఆ నియమం కేంద్రం బడికి పంపిన కాగితంలో అచ్చులో ఉంది, వనజ చదివింది. పేరు పోతే బొమ్మా పోతుంది. గోడ మీద ఆ జాగా కొత్త పిల్లదవుతుంది. వనజ బాధపడింది గానీ, జాబితాలో భూమిక పేరు పక్కన పెన్సిల్‌తో నిహారిక అని రాసి పెట్టుకుంది.

పిల్ల వాంతి చేసుకున్న రోజు సాయంత్రమే హనుమాండ్లు ఫోన్ చేశాడు. మిషన్ గురించి ఒక్క ముక్క అడగలేదు. పిల్ల పొద్దున ఏం తిన్నదని అడిగాడు. తిండికీ మిషన్‌కూ సంబంధమేమిటని వనజ విసుక్కుంది. ముందు బొమ్మ ఎందుకు ఊగుతోందో చూడమని గట్టిగానే చెప్పింది. సరే మేడం అని పెట్టేశాడు.

మరుసటి గురువారం బస్సు దిగేటప్పుడు ఆయన భుజానికి పెద్ద గుడ్డ మూట ఉంది. విప్పితే జొన్నరొట్టెలు, ఆయన భార్య విమలమ్మ తెల్లవారకముందే లేచి కాల్చినవి. పక్కన డబ్బాలో పల్లీల పొడి.

"నలభై ఒకటో పేజీ మేడం. పరగడుపున హెడ్‌సెట్ పెట్టొద్దు. పెట్టేటోళ్లు మా కండ్ల ముందట రెండు రొట్టెలు తినాలె. నలభై రెండో పేజీల టీచర్ కూడా తినాలని ఉన్నది."

పదకొండు దాటితే ఎల్లారెడ్డిలో నెట్ నత్తనడక నడుస్తుంది కాబట్టి ఈ తరగతి పొద్దున మొదటి గంటలోనే. బడిలో అన్నం పెట్టేది మధ్యాహ్నం. పన్నెండు మంది పిల్లలూ, వనజా వరసగా కూర్చుని రొట్టెలు తిన్నారు. బొమ్మల తరగతి కాస్తా పూటకూళ్ల ఇల్లయిందని వనజ గొణుక్కుంది. కడుపునిండా తిన్న మనిషి గొణుగుడు ఎంతసేపుంటుంది? రెండు వారాలకు గురువారం ఇంట్లో వంట మానేసింది. భూమిక తల దించుకుని, రూలు కాబట్టి తింటున్నట్టు రెండే రెండు తినేది. మూడోది పెట్టబోతే వద్దని తల ఊపేది. ఆ పిల్లకు మళ్లీ కళ్లు తిరగలేదు.

చేసిన పొరపాటంతా వనజదే. పుస్తకం కనపడకపోయినా పుస్తకంలోని మాటలు పిల్లల కళ్ల ముందు ఉండాలని, ఆ రూళ్లన్నీ పేజీ నంబర్లతో సహా పెద్ద చార్టు మీద గుండ్రంగా రాసి గోడకు తగిలించింది. కింద ఎర్రసిరాతో గీత కూడా గీసింది. ఇంత చక్కటి పని జిల్లాలో ఎవరూ చేసి ఉండరని ఆమె నమ్మకం.

ఫిబ్రవరిలో చివరి తరగతి వచ్చింది. ఆ రోజు చూడటానికి కేంద్రం నుంచి ప్రేమ్‌కుమార్ వచ్చాడు, హనుమాండ్లుకు పై అధికారి. నెమ్మదైన మనిషే గానీ పనిలో పట్టింపు ఎక్కువ. హెడ్‌సెట్లు చూశాడు, జాబితా చూశాడు, చివరికి చార్టు ముందు నిలబడ్డాడు. చాలాసేపు చదివాడు. తర్వాత సంచీలోంచి పుస్తకం తీశాడు. ఆ పుస్తకాన్ని వనజ చూడటం అదే మొదటిసారి. పల్చగా ఉంది, యాభై ఆరు పేజీలు పట్టే పుస్తకంలా లేదు.

"ఈ నలభై ఒకటి ఎక్కడుందన్నా? పుస్తకం ఇరవై నాలుగుకే అయిపోయింది కదా."

హనుమాండ్లు తల వంచుకున్నాడు. పిల్లల ముందు వద్దు సార్ అని వరండాలోకి నడిచాడు. ప్రేమ్‌కుమార్ వెళ్లాడు, కాళ్లీడ్చుకుంటూ వనజ కూడా వెళ్లింది.

"గా పేజీలు పుస్తకంల లేవు సార్. నేనే పెట్టిన."

ఎందుకు పెట్టావని ప్రేమ్‌కుమార్ అడిగాడు.

"పిల్ల తినకుండ వస్తున్నది. అవ్వకు చాతగాదు, పొద్దుగాల లేచి వండలేదు. ఒక్కదాన్ని పిలిచి తినుమంటే సిగ్గుపడ్తది, తినదు. రూలంటే అందరు తింటరు. అందరు తింటే గామె కూడ తింటది."

వనజకు ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది. దూరం నుంచి వచ్చిన పిల్లకే మొదటి వంతు అని ముప్పయ్యో పేజీ. అందరికంటే దూరం భూమికది. లోపల ఎవరైనా కేక పెడితే నవ్వినవాళ్లే తర్వాత లోపలికి పోవాలని ముప్పై ఎనిమిది. అది ఆ పిల్ల కేక పెట్టిన మరుసటి వారం పుట్టింది. యాభై ఆరు ఎవరి నోటి కోసం పుట్టిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. తినడానికీ మిషన్‌కూ సంబంధమేమిటని ఆ రోజు అడిగింది తనే. పెన్సిల్‌తో ఇంకో పేరు రాసుకున్నదీ తనే.

ప్రేమ్‌కుమార్‌కు కోపం రాలేదు, అదే కష్టమైంది. మెల్లగా చెప్పాడు. సహాయ కేంద్రం మనిషి మిషన్ చూడాలి, లేని రూళ్లు పుస్తకం పేరుతో చెప్పకూడదు. తను కళ్లారా చూశాక రాయకుండా ఉండలేడు. ఈ రోజు నుంచి హనుమాండ్లు ఈ బడికి రావడం ఆపాలి, రొట్టెలు కూడా ఆపాలి. హనుమాండ్లు అన్నిటికీ సరే సార్ అన్నాడు. ఈ ఒక్క పూట పిల్లను తిననిచ్చి లోపలికి పంపమని మాత్రం అడిగాడు. ముఖాలు వేయాల్సి ఉందని చెప్పాడు.

వనజ చెయ్యి చాచి పుస్తకం అడిగింది. వరండాలోనే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివింది. అలవాటు కదా. ఇరవై నాలుగో పేజీ దగ్గర ఆగింది. అందులో అక్షరాలు లేవు, గీతలే ఉన్నాయి. పైన మాత్రం ఒక ముక్క ఉంది, బడివారు తమ సూచనలు రాసుకునేందుకు అని. ఆమె కలం తీసింది. చార్టు మీదివన్నీ సన్నటి అక్షరాలతో ఆ గీతల మధ్య రాయడం మొదలుపెట్టింది.

"ఇది కేంద్రం పుస్తకం మేడం," అన్నాడు ప్రేమ్‌కుమార్.

"మీరే జాగ ఇచ్చిండ్రు సార్. నేను రాస్తున్న. ఇప్పుడైతే అచ్చు పుస్తకంలనే ఉన్నది కదా."

జన్మలో కామా కూడా తన సొంతంగా మార్చని మనిషి ఆ మాట అన్నది. రాసి, సంతకం చేసి, హెడ్‌మిస్ట్రెస్ గదికి తీసుకెళ్లింది. పద్మప్రియ గారు పూర్తిగా చదివారు. కింద పడినవాళ్ల రూలు కాస్త పెద్ద అక్షరాలతో ఉంటే బాగుండేదని అభిప్రాయపడి, ముద్ర వేశారు.

ప్రేమ్‌కుమార్ ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు. పట్టింపు ఉన్న మనిషికి ముద్ర అంటే ముద్రే. చివరికి పుస్తకం మూసి, అయితే ఇక తను పైకి రాసేదేమీ లేదన్నాడు. తను కూడా హెడ్‌సెట్ పెట్టి చూడాలనీ, కానీ పొద్దున ఏడింటికే బయల్దేరడం వల్ల ఏమీ తినలేదనీ ఒప్పుకున్నాడు. హనుమాండ్లు మారు మాట్లాడకుండా ఆయన్ను పిల్లల వరసలో కూర్చోబెట్టి రెండు రొట్టెలు వేశాడు.

తర్వాత భూమిక లోపలికి పోయింది. బయట ఉన్నవాళ్లకు కనపడేది గాలిలో కదిలే చెయ్యి ఒక్కటే. వనజ ఆ చేతినే చూస్తూ నిలబడింది. చెయ్యి ఒక గుండ్రం గీసింది. చాలాసేపు లోపల ఏవేవో దిద్దింది. కాస్త పక్కకు జరిగి ఇంకో గుండ్రం గీసింది. వనజ జాబితా తెరిచి నిహారిక పేరును రబ్బరుతో తుడిచేసింది, కాగితం చిరిగేదాకా తుడిచింది.

భూమిక హెడ్‌సెట్ తీసింది. కళ్లు తిరగడం లేదు. ఇద్దరికీ ముఖాలు వేశానని, ఇద్దరూ ఇటే చూస్తున్నారని చెప్పింది. తర్వాత కామారెడ్డి నుంచి వచ్చిన సారు ఉన్నాడని కూడా చూసుకోకుండా, తల ఎత్తి హనుమాండ్లును అడిగింది.

"సార్, నాకింక ఆకలైతున్నది. ఇంకో రొట్టె ఉన్నదా?"

హనుమాండ్లు ఏ పేజీ నంబరూ చెప్పలేదు. మూట మొత్తం ఆ పిల్ల ముందు పెట్టాడు.