మంచం కింద గది

పోయిన నెల ఒక పొద్దున మా బాపు కాజీపేట నుంచి బస్సెక్కి హన్మకొండలో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "పక్కింటి పెద్దమ్మ పోయింది బిడ్డా" అన్నాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. తర్వాత బాపు, "పోయే ముందట గూడ ఇల్లు సదిరే పోయింది. ఒక్క డబ్బాకు మూత ఊడిలేదు" అని ఏడుస్తూనే నవ్వాడు.

నాకూ అదే చిక్కు వచ్చిపడింది. ఆమె గురించి దిగులుగా నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే దిగులు నిలవడం లేదు. ఒంట్లో హుషారు పుడుతోంది. లేచిపోయి సజ్జ మీది డబ్బాలన్నీ దింపి మళ్ళీ పేర్చాలనిపిస్తోంది. చదివేవాళ్ళు మన్నించాలి.

డెబ్బైల్లో మేం కాజీపేట రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. బాపు రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. ఒక గది, వెనక వంటిల్లు, ముందు చిన్న వరండా. అమ్మ, బాపు, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. ఆరో మనిషి బాపు సైకిలు. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్ని గదిలోనే నిలబెట్టేవాడు. అన్నం తినేటప్పుడు ఎవరో ఒకరి వీపుకు దాని పెడలు తగిలేది.

గోడకవతల అచ్చం అలాంటి క్వార్టరే గార్డు పెదనాన్న వాళ్ళది. వాళ్ళకు నలుగురు పిల్లలు. అయినా పెద్దమ్మ ఇంట్లో అడుగుపెడితే గది నడుమ ఖాళీ ఉండేది! మా తమ్ముళ్ళు అక్కడికి పోయేది ఆ ఖాళీలో గిరగిరా తిరగడానికే. చాట, జల్లెడ, గొడుగు, పెదనాన్న చేతిలాంతరు అన్నీ తలుపు వెనక మొలలకు వేలాడేవి. చలికాలపు బొంతలు ఎండాకాలం రాగానే పాత చీరల్లో కుట్టుకుని మెత్తలైపోయేవి. మేం వాటి మీదే కూర్చునేవాళ్ళం. "ఖాళీ జాగ కాళ్ళకాడ కనవడదే పిల్లా, మెడ లేపితెనే కనవడ్తది" అనేది పెద్దమ్మ.

ఆమె దగ్గర ఒక జనపతాడు ఉండేది. అదే ఆమె టేపు. దేన్ని కొలిచినా తాడుకు ఒక ముడి వేసేది. పని కాగానే ఆ ముడి విప్పేసేది. ఎందుకని అడిగితే, "పాత ముళ్ళుంటె కొత్త ముడికి జాగేదే?" అని కసిరేది. ఆమె మాట ఎప్పుడూ కసురే. చెంచాడు చక్కెర కోసం మా ఇంటికొచ్చి, చక్కెర మరిచిపోయి, మా వంటింటి అల్మారా మొత్తం మార్చేసి పోయేది. మా అమ్మ రెండు రోజులు జీలకర్ర కోసం వెతుక్కుంటూ మూతి ముడుచుకునేది.

నేను పదో తరగతిలో ఉండగా, పరకాల దగ్గర మా ఊళ్ళో నానమ్మ చేను గట్టు మీద జారి పడి మోకాలికి దెబ్బ తగిలించుకుంది. కాజీపేటలో ఉంచి దవాఖానలో చూపించాలి. "అవ్వకు మంచం ఏడ ఏస్తం? పెద్ద పిల్లను ఊరికి పంపుదాం. అక్కడ బాబాయికి గూడ ఆసరైతది" అన్నాడు బాపు. ఊళ్ళో బడి ఏడో తరగతి దాకానే. పోతే నా చదువు అంతటితో సరి. మా ఇంట్లో అప్పటికి పది పాసైన మనిషి లేడు. నేను వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ ఏడుపు గోడకవతలికి వినబడింది. పెద్దమ్మ తాడు పట్టుకుని వచ్చేసింది.

"ఏం తమ్మీ, పిల్లను పంపుతవట?"

"జాగ లేదక్కా. నీకు తెల్వనిదా?"

"జాగ ఉన్నది. నీకే సూసుటొస్తలేదు. ఐతారం నాడు డ్యూటీ వెట్టుకోకు" అని, నన్ను రెక్క పట్టి లేపి గది మధ్యలో కూర్చోబెట్టింది. ఒళ్ళో పుస్తకం పెట్టింది. నేల నుంచి నా నడినెత్తి దాకా తాడు లాగి, ముడి వేసి, ఆ ముడికి తన జడకుచ్చు నుంచి ఎర్రపోగు ఒకటి తెంపి కట్టింది. ఎందుకో చెప్పలేదు.

ఆ ఆదివారం ఎలా మరిచిపోను! పొద్దున్నే ఇల్లంతా వరండాలోకి వచ్చిపడింది. పెద్దమ్మ ఒక్కో వస్తువూ పైకెత్తి, "యాడాదిల ఒక్కసారన్న ముట్టిండ్రా?" అని అడగడం, అమ్మ దాన్ని మళ్ళీ లోపలికి పట్టుకుపోబోవడం, తమ్ముళ్ళు కేకలు వేయడం. పగిలిన లాంతరు చిమ్నీలు మూడు బయటపడ్డాయి. ఎన్నడో పోయిందనుకున్న అమ్మ వెండి కుంకుమభరిణె దొరికింది! ఇంతలో పెదనాన్న కమ్మరి దగ్గర చేయించిన రెండు ఇనుప కొక్కేలు తెచ్చి వరండా గోడకు ఎత్తుగా దిగ్గొట్టాడు.

"నా సైకిల్‌ను కోడి లెక్క యాలాడదీస్తరా?" అని బాపు లబోదిబోమన్నాడు.

"రెక్కలున్నయా ఎగిరిపోనీకె? ఎత్తు!" అంది పెద్దమ్మ.

తర్వాత అసలు పని. మా పెద్ద చెక్కమంచం నాలుగు కోళ్ళ కింద ఏడేసి ఇటుకలు, మట్టితో అతికించి. మంచం మీద నానమ్మ. మంచం కింద సగంలో మూడు ట్రంకు పెట్టెలు, మిగతా సగంలో నేను. చీర పరదా కట్టి, వైరు లాగి బల్బు పెట్టి, "పో, నీ ఇంట్లకు పో" అని నన్ను లోపలికి తోసింది. తల పైనున్న మంచం చెక్కకు తగల్లేదు. నాకంటూ ఒక గది! ట్రంకుల పక్కన ముడుచుకుని కూర్చుని పకపకా నవ్వాను.

మర్నాడు పరకాల బస్సు దిగి నానమ్మ వచ్చింది. కర్ర ఆనుకుని నిలబడి మంచాన్ని కిందికీ మీదికీ చూసింది.

"ఇదేందిరా, ఇంట్ల మంచె ఏసిండ్రు? నేనెక్కి పిట్టల గొట్టాల్నా?"

మోకాలు వంగని ముసలామె అంత ఎత్తు ఎలా ఎక్కుతుంది? పెట్టెలు కొలిచాం, మంచం కొలిచాం, బియ్యం డబ్బా కొలిచాం. నానమ్మను కొలవలేదు. "నేను ముందే చెప్పలే?" అన్నాడు బాపు మెల్లగా. పెద్దమ్మ మొహం కందిపోయింది. తన ఇంటికి వెళ్ళిపోయింది. ఇక నాకు ఊరే దిక్కనుకున్నాను.

పావుగంటలో ఆమె మళ్ళీ వచ్చింది, చంకలో రెండు బొంతలతో. నానమ్మ ముందు కింద కూర్చుని పాదం నుంచి మోకాలి దాకా తాడు పెట్టి కొలిచింది.

"సామాన్ల కొలిచిన గని మనిషిని కొల్వలే. తప్పు నాదే పెద్దవ్వా. ఫికర్ జెయ్యకు" అంది. ఆమె ఎవరి ముందైనా తప్పు ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మంచం కింది మూడు ట్రంకులూ బయటికి లాగించి, సైకిలు ఖాళీ చేసిన గోడవార వరసగా వేయించింది. వాటి మీద బొంతలు పరిచింది. సరిగ్గా మోకాలెత్తు. ఎప్పుడోగాని వాడని పెళ్ళినాటి ఇత్తడి సామానంతా ఆ పెట్టెల్లోకి పోయింది. నానమ్మ కూర్చుని, కాళ్ళు చాచి, "ఇగ ఇది మంచం" అంది. తమ్ముళ్ళు గంతులేస్తూ 'మంచె' ఎక్కారు. ట్రంకులు పోవడంతో మంచం కింద మొత్తం నాదే అయింది!

ఆ చలికాలమంతా నేను అక్కడే చదివాను. "జర గట్టిగ సదువు పిల్లా, నాకు గూడ ఇనవడాలె" అనేది నానమ్మ. పది పాసయ్యాను. ఇవాళ మడికొండలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పాసైన రోజు రేకు డబ్బాలో మిఠాయి పట్టుకెళ్తే పెద్దమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఆ డబ్బా ఖాళీ అయినంక పారెయ్యకు, పప్పు పోసుకోవచ్చు" అంది. అంతే. ఆ డబ్బా నా వంటింట్లో ఇప్పటికీ ఉంది, కందిపప్పుతో.

పెద్దకర్మ రోజు ఆమె కోడలు నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు వెనక మొల నుంచి జనపతాడు తీసి నా చేతిలో పెట్టింది. "అత్తమ్మ ఎప్పుడో చెప్పి పెట్టింది, ఇది నీకేనని" అంది. తాడు నున్నగా అరిగిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళు కొలిచిందో! చివరిదాకా వేలితో తడుముతూ పోయాను. అన్ని ముళ్ళూ విప్పేసి ఉన్నాయి, ఒక్కటి తప్ప. దానికి వెలిసిపోయిన ఎర్రపోగు.

ఆ వంటింట్లో, గోడకు ఆనుకుని, నేల మీద కూర్చున్నాను. తాడు కొస నేలకు అదిమిపట్టి మెల్లగా పైకి లాగాను. ముడి నా నడినెత్తి దగ్గరికి వచ్చి ఆగింది.