లిఫ్టు మెకానిక్ ఎక్కిన కొండకోట

మా చెల్లెలి భర్త ఒక కొండకోటను కళ్లు మూసుకుని, ఒంటిచేత్తో జయించాడు. జయించడమంటే మరీ యుద్ధం కాదు, టికెట్ కొన్నవాళ్లందరినీ లోపలికి రానిస్తారు. ఒంటిచేత్తో అన్నది మాత్రం నిజం. రెండో చెయ్యి మా చెల్లెలి భుజం మీదుంది. కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు గోడవైపు తిప్పి నిలబెట్టేవారు కాబట్టి, జయించాడన్న మాట వరకూ వెనక్కి తీసుకుంటున్నాను.

అతను లిఫ్టు మెకానిక్. చెల్లెలు బట్టల దుకాణం బేస్‌మెంటులో కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. అక్కడ కిటికీ లేదు, ట్యూబ్‌లైటే సూర్యుడు. వచ్చే నెలలో ఆమెకు మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత కొండలెక్కే ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. ఈలోపు ఇద్దరికీ కలిసొచ్చిన సెలవు ఒక శని, ఆదివారం. శనివారం స్టేషన్ పక్కనున్న ఏటిగట్టు కోట అని ఇట్టే తేలిపోయింది. పేచీ అంతా ఆదివారం దగ్గరే వచ్చింది.

"కందకం కోటకు పోదాం. చదునైన నేల. నీళ్లలో బాతులు కూడా ఉన్నాయట," అన్నాడతను.

"బాతుల్ని చూడ్డానికి కోట దాకా ఎందుకండీ? నాకు కొండకోటే కావాలి. ఊరందరినీ పైకెక్కిస్తారు, నన్నొక్కసారి ఎక్కించలేరా?"

అతను చెంబెడు నీళ్లు తాగేశాడు.

మర్నాడు అతను పనిచేస్తున్న భవనానికి వెళ్లాను. పై అంతస్తులో తలుపు తెరిచి, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి, కూనిరాగం తీస్తూ తీగలకు గ్రీజు రాస్తున్నాడు.

"ఇంత ఎత్తులో పాటలు పాడతావు, కొండంటే ఎందుకు భయం బావా?"

"ఇక్కడ నాలుగు వైపులా గోడలు, బావగారూ. చీకట్లో లోతు తెలీదు. అక్కడ గోడ నడుం దాకానే. ఆపైనంతా ఆకాశం. తల గిర్రున తిరుగుతుంది. మీ చెల్లికి చెప్పకండి, మీకు దణ్ణం పెడతా."

నా కడుపులో మాట దాగదు. సాయంత్రానికల్లా చెప్పేశాను.

చెల్లెలు నవ్వింది. "పెళ్లయిన కొత్తలో మేడ మీద బట్టలారేయమంటే ఆయన మెట్ల దగ్గరే తీగ కట్టారు. నాకు అప్పుడే తెలుసు అన్నయ్యా. పోనీలే, బాతుల్నే చూస్తాం."

ఆ పోనీలే గోడ అవతల అతనికి వినబడింది. ఆదివారం బస్సెక్కాక చెల్లెలు టికెట్ చూస్తే, అది కొండకోటకు.

ఎక్కుతుంటే ఆమె మోకాలు మొరాయించింది, బరువంతా అతని మీద వేసింది. పైమెట్లు వచ్చేసరికి అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు, దారంతా ఆమెకు వదిలేశాడు. వెనకాల వచ్చేవాళ్లు వాళ్లను కొత్తజంట అనుకున్నారట. బురుజు మీద ఆమె గోడ దగ్గర నిలబడి చూసింది.

"ఏం కనబడుతోంది?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ఏరు కనబడుతోందండీ. దానవతల ఇంకో ఊరు. దానవతల ఇంకా ఏదో ఉంది. మన బస్సు అగ్గిపెట్టెంత ఉంది."

"బస్సు సంగతి వద్దు. ఆ అవతలి ఊరి గురించి చెప్పు."

సూర్యుడు దిగేదాకా చెబుతూనే ఉందట.

ఇదంతా రాసి మొన్న అతనికి చదివి వినిపించాను. మొహం గంటు పెట్టుకుని విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు. మేం ఆ కొండ మొహమే చూడలేదు, బావగారూ."

"మీరు కళ్లు తెరిస్తే కదండీ చూడ్డానికి!" అంది చెల్లెలు లోపల్నుంచి.