కంప్యూటరంటే భయమెంత?

అరవైల చివర యూనివర్సిటీలో సైకాలజీ ఎం.ఏ. చదువుతుండగా మా సార్ నాకొక పని అప్పగించారు. తార్నాకలో ఒక పరిశోధన సంస్థకు కంప్యూటర్ వస్తోంది. అక్కడి టైపిస్టులకు ఆ యంత్రమంటే ఎంత భయమో, పని నేర్పాక ఆ భయం ఎంత తగ్గుతుందో కొలవాలి. అందుకు ఒక ప్రశ్నల కాగితం తయారుచేశాం. ఒక్కో ప్రశ్న కింద ‘అస్సలు లేదు’ నుంచి ‘చాలా ఎక్కువ’ దాకా గడులుండేవి. అప్పటికి నేను కూడా కంప్యూటర్‌ను చూడలేదు. ఆ సంగతి ఎవరైనా అడుగుతారేమోనని నేనుండే విద్యానగర్ నుంచి వెళ్లేటప్పుడు దారంతా గుబులుగా ఉండేది.

మొదటి రోజు దాదాపు అందరూ ‘అస్సలు లేదు’ అని టిక్కు పెట్టి కాగితాలు ఇచ్చేశారు. ఒకామె మాత్రం పెన్ను పట్టుకొని అలాగే కూర్చుంది. నాకన్నా చాలా పెద్దది. సీతాఫల్‌మండి నుంచి రోజూ వచ్చేది.

“గిది మా ఆఫీసర్ చూస్తడా?” అని అడిగింది.

“చూడడు అక్కా. పేరు గూడ రాయొద్దు.”

“భయమున్నదంటె పని నేర్పియ్యరేమో. లేదంటె అబద్ధమైతది.” ‘చాలా ఎక్కువ’ దగ్గర టిక్కు పెట్టింది. “మిషిన్ వచ్చినంక మమ్మల్ని ఉంచుతరా చెల్లె?”

నాకు తెలియదన్నాను. వెళ్లి సార్‌ను అడిగితే, అది మన పరిశోధనలోకి రాదన్నారు. ఆ రాత్రి పుస్తకం తెరిచినా ఒక్క ముక్క తలకెక్కలేదు.

తర్వాత, కంప్యూటర్‌కు లెక్కలు అందించే కార్డులకు రంధ్రాలు కొట్టే మిషన్ల మీద వాళ్లకు శిక్షణ మొదలైంది. ఎవరెంత వేగంగా చేస్తున్నారో స్టాప్‌వాచ్‌తో చూడడం నా పని. నేను పక్కన నిలబడితే చాలు, ఆమె వేళ్లు తడబడేవి. కార్డు మీద తప్పు పడితే చెరపడం కుదరదు, పారేసి మళ్లీ కొట్టాల్సిందే. “నువ్వు జర అవతలికి పో చెల్లె, నీ గడియారం చూస్తె పరేషాన్ అయితున్న,” అంది. వరండాలో నిలబడి చూశాను. చప్పుడు ఆగకుండా సాగింది.

శిక్షణ అయ్యేసరికి ఆమెను మించిన వాళ్లు లేరు. మళ్లీ అవే ప్రశ్నలిచ్చాను. మళ్లీ ‘చాలా ఎక్కువ’ అనే పెట్టింది.

“పని మంచిగ వచ్చింది గద అక్కా. ఇంకా ఏం భయం?”

“అప్పుడు నా గురించి భయం. ఇప్పుడు, మునుపు మేమందరం కలిసి చేసిన పని నేనొక్కదాన్నే చేస్తున్న. నా పక్క సీటామె ఇయ్యాల నాతోని మాట్లాడలే.”

ప్రశ్న అర్థమై ఉండదు, ఇంకోసారి అడగమన్నారు సార్. నేను అడగలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే నా థీసిస్‌లో రాశాను. సార్ దాన్ని కొట్టేయలేదు గానీ ఫుట్‌నోట్‌లోకి దింపారు.

కొన్ని నెలలకు ఆమె సీతాఫల్‌మండి స్టేషన్లో కనిపించింది. పక్క సీటామెను పాత ఫైళ్ల గదికి మార్చారట. ఇద్దరూ కలిసి అన్నం తినడం మానేశారట.

“మళ్ల టైప్ మిషిన్ మీదికి పోతవా అక్కా?” అని అడిగాను.

“పోను. గీ పని నాకు శానా నచ్చింది,” అంది. “నచ్చిందని ఆమెకెట్ల చెప్పాలె?” అని నన్నే అడిగింది.

అంతలోనే బండి వచ్చింది.