ఢిల్లీ ఆసుపత్రి వరుసలో నా మొదటి ఉదయం

నేను మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. పెరాక్‌లో కొబ్బరి తోటల పక్కన మా ఇల్లు, స్కూల్లో గుమాస్తా ఉద్యోగం. అమ్మ చివరి రోజుల్లో డాక్టర్లు మలయ్‌లోనో ఇంగ్లీషులోనో చెప్పింది నేనే ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ పోయాక ఇంట్లో తెలుగు మాట్లాడటానికి మనిషే లేకుండా పోయింది. రిటైరయ్యాక, ఢిల్లీలో ఒక తెలుగు చర్చివాళ్లు ఆంధ్ర నుంచి వైద్యానికి వచ్చే రోగులకు తోడు వెళ్లేవాళ్ల కోసం వెతుకుతున్నారని తెలిసింది. మూడు నెలలు జీతం లేకుండా పని చేస్తానని రాశాను. హిందీ ముక్క రాదని కూడా రాశాను. డాక్టర్లతో ఇంగ్లీషు సరిపోతుందన్నారు. అలా మా ముత్తాత వదిలి వెళ్లిన దేశానికి, విదేశీ పాస్‌పోర్టుతో, ఈ జనవరిలో వచ్చాను.

విమానాశ్రయం బయటికి అడుగు పెట్టగానే చలి ఎముకల్లోకి దిగింది. ఫ్రిజ్‌లో తప్ప చలి ఎరగనిదాన్ని, పలచటి నూలు కోటు ఒకటి తెచ్చుకుని దాన్నే గొప్ప ఏర్పాటు అనుకున్నాను. ప్రీపెయిడ్ టాక్సీలో కటవారియా సరాయ్‌కి ఐదు వందల పైచిలుకు అయింది. పరీక్షలకు చదువుకునే పిల్లలు అద్దెకుండే ఇరుకు మేడల్లో ఒకదాని మూడో అంతస్తులో నా గది. చర్చి తరఫున నన్ను కలవడానికి వచ్చిన సునీత భీమవరం వైపు అమ్మాయి, నర్సు. డ్యూటీ లేని వేళల్లో ఈ తోడు పనంతా ఆమే చూస్తుంది. నా కోటు చూడగానే సరోజినీ నగర్ బజారుకి తీసుకెళ్లి, ఒక స్వెటరు, ఒక శాలువా బేరమాడి ఆరు వందలకు ఇప్పించింది. తిరిగి వచ్చేటప్పుడు మనసులో మాట దాచుకోలేదు. ఫారిన్ నుంచి వచ్చినవాళ్లు కొందరు ఫొటోలు తీసుకుని, వారానికే జ్వరం తెచ్చుకుని వెళ్లిపోయారట.

“మీరు గెస్టులా ఉంటే నాకు ఇంకో పేషెంటు పెరిగినట్టే ఆంటీ. రేపు నాకు డ్యూటీ. మీరొక్కరే వెళ్లి పని చేయించుకు రావాలి. ఠీక్ హై?” అంది.

సరేనన్నాను.

మర్నాడు నేను తోడు వెళ్లాల్సిన మనిషి రత్నమ్మ గారు. రాజోలు దగ్గర పల్లె, నా వయసే ఉంటుంది. మెడ మీద గడ్డ. పరీక్షకని అందులోంచి చిన్న ముక్క తీశారు, ఆ రిపోర్టు ఏమిటో ఈ రోజు డాక్టరు చెప్పాలి. ఆయన వారానికి ఒక్కరోజే చూస్తాడు. పదకొండులోపు కౌంటర్లో చీటీ తీసుకోకపోతే మళ్లీ వారం ఆగాలి. ఏడింటికే ఆటో ఎక్కాం. డ్రైవరు రెండు వందలు అడిగితే, తెలుగు తప్ప రాని రత్నమ్మ గారు వేళ్లు చూపించి నూట యాభైకి ఒప్పించారు. ఆటోలో నా మోచెయ్యి పట్టుకుని ఆమె ఒకే ఒక్కటి అడిగారు.

“పోయినసారి ఒకాయన తోడొచ్చాడండి. డాక్టరుగారు బోల్డంతసేపు మాట్లాడారు. ఈయనేమో ‘ఏం పర్లేదంట’ అనేసి ఊరుకున్నాడు. మీరలా చేయకండి. ఆయనేం చెబితే అదే చెప్పండి. తగ్గించొద్దు.”

ఆ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడవాళ్ల వరుస వేరు. రత్నమ్మ గారిని గోడ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లి నిలబడ్డాను. మా దేశంలో వరుసలో ముందు మనిషికి మూరెడు దూరం వదలడం మర్యాద. నేనూ వదిలాను. ఆ సందులోకి ఒకావిడ వచ్చి నిలబడింది. పాపం, తొందరేమో అనుకుని నవ్వి, వెనక్కి జరిగి మళ్లీ మూరెడు వదిలాను. అందులోకి ఇంకొకావిడ. వాళ్ల తప్పు కాదు, నేను వరుసలో ఉన్నట్టే వాళ్లకు కనిపించలేదు. గంట తర్వాత చూసుకుంటే, కౌంటరు నాకు మొదటికంటే దూరంగా ఉంది. ఎక్స్‌క్యూజ్ మీ అంటే ఎవరూ తిరగలేదు. పది దాటింది. బెంచీ మీద నుంచి రత్నమ్మ గారు నన్నే చూస్తున్నారు. నా మర్యాద వల్ల ఆమె ఇంకో వారం భయంతో పడుకోవాలా అనిపించి ఏడుపొచ్చింది.

ముందున్న పచ్చ శాలువా ఆవిడ వెనక్కి తిరిగి నా మొహం చూసింది. “దీదీ, ఐసే,” అంటూ నా చెయ్యి పట్టుకుని తన భుజం మీద వేసుకుంది. అంతే, మళ్లీ ముందుకు తిరిగింది. నేను ఆ భుజం వదల్లేదు. తర్వాత ఎంతమంది పక్కకు వచ్చినా దూరడానికి సందు లేదు. కౌంటరు మూసేలోపు చీటీ నా చేతిలో పడింది.

డాక్టరు పిలిచేసరికి మధ్యాహ్నం రెండయింది. రిపోర్టు చూసి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పాడు. పొరపాటుగా వినకూడదని మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. తర్వాత రత్నమ్మ గారి వైపు తిరిగాను.

“క్యాన్సర్ కాదండి. థైరాయిడ్ గడ్డ. రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, ఆరు నెలలకి మళ్లీ స్కానింగ్ చేస్తారు.”

“తగ్గించి చెప్తున్నారా?”

“లేదండి. ఆయన చెప్పింది ఇంతే.”

ఆమె వరండాలో బెంచీ మీద కూలబడి, ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. కళ్లు తుడుచుకుని ఊళ్లో ఉన్న భర్తకు ఫోన్ కలిపి, తాను చెబితే ఆయన నమ్మడని నా చేతికిచ్చారు. ఎన్నడూ చూడని ఆ మనిషికి కూడా అవే మాటలు చెప్పాను. ఆయనా ఇంకోసారి చెప్పమన్నాడు. అమ్మతో మాట్లాడిన తెలుగు ఇంకా పనికొస్తోంది.

సాయంత్రం జరిగిందంతా విని సునీత, “అచ్ఛా, అయితే గురువారం ఇంకొకరున్నారు ఆంటీ,” అంది. అంతకంటే పెద్ద మెప్పు నాకు అక్కర్లేదు. ఇలాంటి పనికి ఢిల్లీ రావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆడవాళ్ల వరుసలో నిలబడితే మూరెడు దూరం మాట మరిచిపోయి, ముందున్నావిడ భుజం మీద చెయ్యి వేయండి, ఆమె ఏమీ అనుకోదు. అమ్మ పోయాక నేను ఎవరి భుజం మీదా చెయ్యి వేయలేదని నాకు తెలిసింది ఆ వరుసలోనే.