గుట్ట పక్కన కొబ్బరిచెట్లు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎల్‌బీనగర్‌లో ఒక సూర్యాస్తమయాన్ని గోడ మీది నుంచి దింపించినవాణ్ణి నేను. వెయ్యిమంది చూస్తుండగా, నినాదాల మధ్య, ఒక్క మాటతో దింపించాను. ఇందులో నిజమెంతో తర్వాత చెబుతాను. కోపం మాత్రం అసలుదే. ఇప్పటికీ చల్లారలేదు.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు ఫొటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లిళ్లు తిండి పెట్టేవి. ఆదివారాలు మాత్రం నావి. భుజాన కెమెరా, స్కూటర్ వెనక మా ఆవిడ, ఆవిడ ఒళ్లో పులిహోర డబ్బా. గుట్టలూ చెరువులూ తీసుకుంటూ తిరిగేవాణ్ణి. ఫిల్ము మీద ఏం పడితే అదే ఫొటో అని నా పంతం. ఎండాకాలపు ఆకాశం తెల్లగా ఉంటే ఫొటోలోనూ తెల్లగానే ఉండాలి.

బాటసింగారం దాటాక ఒక రాతిగుట్ట ఉండేది. ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్న బండలు, పక్కన సన్నగా తాటిచెట్లు. పొద్దుటి ఏటవాలు వెలుగు రాళ్ల ముఖాన పడుతుండగా తీశాను. ఈ జన్మకు ఈ ఒక్క ఫొటో చాలనుకున్నాను.

దాన్ని పెద్ద ప్రింటు వేయించడానికి రోడ్డు అవతలి డిజిటల్ స్టూడియోకు వెళ్లడం నా బుద్ధితక్కువ. దాని యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, నాకంటే బాగా చిన్న. కొట్టు నిండా గిరాకీ ఉండగా, తెర మీద నా గుట్టను చూసి అన్నాడు:

“బాబాయ్ గారూ, దీనికి జ్వరం వచ్చినట్టుందండీ. ఆకాశంలో రక్తం లేదు. రెండు నిమిషాలివ్వండి, లేపి కూర్చోబెడతాను.”

“జ్వరం నీ కంప్యూటర్‌కు ఒచ్చింది తమ్మీ. ఉన్నది ఉన్నట్టు ఎయ్యి.”

అందరూ నవ్వారు. నా మాటకు కాదు, అతని మాటకు. ప్రింటు ఉన్నది ఉన్నట్టే వేసిచ్చాడు. కానీ ఆ నవ్వు నాతోపాటు రోడ్డు దాటి ఇంటిదాకా వచ్చింది. ప్రింటును గోడకు తగిలించబుద్ధి కాలేదు. విప్పకుండానే బీరువా వెనక తోసేశాను.

కొన్నాళ్లకు మా నల్లగొండ వైపు మనిషి ఒకాయన ఎల్‌బీనగర్‌లో ఫంక్షన్ హాలు తెరిచాడు. భోజనాల గదిలోకి వెళ్తే గోడ నిండా ఫ్లెక్సీ, దాని మీద నా గుట్ట. ఆకాశం దానిమ్మగింజల రంగు. గుట్ట వెనక పళ్లెమంత సూర్యుడు. పక్కన కొబ్బరిచెట్లు. కింద మూలన అతని స్టూడియో పేరు. నేనిచ్చిన నెగెటివ్‌ను స్కాన్ చేసి తన కంప్యూటర్‌లో దాచుకున్నాడన్నమాట. ఫొటో నాదని చెప్పుకోవడానికి నోరు రాలేదు. అంత ముస్తాబు చేసినదాన్ని నాదని ఎట్లా అనను? ఆ గోడ మీద అది ఉండకూడదు, అంతే. దాన్ని దించేది కూడా అతని చేతులే కావాలి.

బంద్ రోజున ఆ అవకాశం దొరికింది. చౌరస్తాలో దీక్షా శిబిరం నడుస్తోంది. అక్కడివాళ్లు కొందరు టీ కోసం ఫంక్షన్ హాలుకు వచ్చారు. వాళ్ల వెంట నేనూ వెళ్లాను. ఎలాగూ దుకాణం మూతే కదా అని డిజిటల్ స్టూడియో అతను కూడా వచ్చి, స్టూలెక్కి ఊడిన ఫ్లెక్సీ మూల అతికిస్తున్నాడు. నేను హాలు యజమానిని పిలిచాను.

“అన్నా, జర గీ ఫొటో చూడు. సూర్యుడు గుట్ట ఎనుక ఉన్నడు. మరి రాళ్ల ముంగట గంత ఎండ ఏడికెల్లి ఒచ్చింది?”

“ఎండ ఏడికెల్లి ఒస్తె మనకేందే? పెండ్లికొచ్చినోళ్లు గోడను చూస్తరా, ఇస్తరాకును చూస్తరా?”

నిజం పేలలేదు. రెండోది తీశాను.

“పోనీ గా చెట్లు చూడు. మన గుట్టల కాడ తాటిచెట్లుంటయా, కొబ్బరిచెట్లుంటయా? మనయి తీసేసి ఆయన ఊరియి పెట్టిండు.”

టీ గ్లాసులు నోటి దగ్గర ఆగిపోయాయి. బండి నంబర్ల మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్న మనుషులు వాళ్లు. నా స్కూటర్ మీద నేనూ రాసుకున్నాను. శిబిరం మనిషి ఒకతను మెల్లగా అడిగాడు.

“ఏందే, చెట్లు నువ్వే పెట్టినవా?”

అతను టేపు పట్టుకునే వంగి ఫొటోలోని చెట్లను దగ్గరగా చూశాడు.

“ఆకాశం నేను పెట్టిందేనండి. సూర్యుడూ నేను పెట్టిందే. చెట్లు... ఏమోనండీ, ఇలాంటివి ఎన్నో చేస్తుంటాం. పెట్టే ఉంటాను.”

తాను చేసిన పని తనకే తెలియని ఆ ముఖం నాకు పండగ భోజనం. జ్వరం ఎవరికి వచ్చిందని అడుగుదామనుకున్నాను. అడగాల్సిన పని లేకపోయింది. ఫ్లెక్సీని తనే దించి, చాపలా చుట్టి, భుజాన వేసుకుని, బస్సుల్లేని రోడ్డు మీద దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిచిపోయాడు. కనపడినంతసేపూ చూశాను.

వెయ్యిమంది అన్నాను కదా. ఇరుక్కుని కూర్చుంటే ఒక ఆటోలో పట్టేంతమంది. నినాదాలు వినిపించిన మాట నిజమే, కానీ అవి చౌరస్తాలోవి, రాష్ట్రం కోసం. నా గుట్ట కోసం ఎవరూ అరవలేదు. ఖాళీ అయిన గోడకు యజమాని ఎయిర్‌ కూలరు ఆనించాడు. అయినా ఆ పూట తాగినంత తీయటి టీ మళ్లీ తాగలేదు.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

“గా కొబ్బరిచెట్లు ఆయన పెట్టలే. ఆడనే ఉండె. తోట పెట్టినోళ్లెవరో గుట్ట పక్కపొంటి నాటిండ్రు. నువ్వు ఫొటో తీసేదాంక నేను ఏడ కూసున్ననే? గా చెట్ల నీడకే గద. నీ ఫొటో బీరువా ఎనుక ఉన్నది, తీసి చూసుకో.”