రావద్దన్న తొమ్మిది మంది

ఇంగ్లీషు ల్యాబు హెడ్‌ఫోన్ల స్పాంజికి పట్టిన చెమట వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఆ రోజు నేను తప్పు చేశాను. మార్కాపురం డిగ్రీ కాలేజీలో ఆంగ్ల ప్రావీణ్య పరీక్షకు నేనిచ్చిన ఆరు నెలల శిక్షణ పనికొచ్చిందో లేదో తేల్చే రోజున, వెనకబడిన తొమ్మిది మందిని రావద్దన్నాను. ఫలితం బాగుండకపోతే శిక్షణ ఆగిపోతుంది, నా కాంట్రాక్టు ఉద్యోగం పోతుంది. ఆ భయమే నా చేత ఆ మాట అనిపించింది.

తేల్చడానికి పరిశీలకుడిగా వచ్చింది ఖాసిం సారు. గిద్దలూరులో నాకు ఇంగ్లీషు నేర్పిన మనిషి. రిటైరైనా జేబులో ఎర్ర పెన్ను అలాగే ఉంది. ఆయన ముందు మార్కులు చూడలేదు. శిక్షణ మొదలైన రోజు రాయించిన కాగితాల కట్ట విప్పి, ఒక్కో పేరూ పిలిచి మనిషిని చూడసాగారు. మనిషి లేని కాగితాలు పక్కన పడుతూ తొమ్మిదయ్యాయి.

"ఈ తొమ్మిది మంది ఏమైనారు?"

"జ్వరాలు సార్."

"అందరికీ ఒకే దినం వచ్చినాయా? మంచి క్రమశిక్షణ గల జ్వరాలే నాయనా!"

ముందు వరసలో ఎవరో నవ్వారు. సారు నవ్వలేదు. నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు: "నువ్వు మొదటేడు ఇంగ్లీషు తప్పినోడివి. అప్పుడు నా క్లాసు ఫలితం కూడా పైవాళ్లు అడిగినారు. నిన్ను నేను బయట నిలబెట్టినానా? సోమవారం మళ్లా వస్తా. అందాక రిపోర్టు రాయను."

ఆ తొమ్మిది మందికీ ఫోన్లు చేశాను. వాళ్లలో రమణమ్మ మాత్రం ఫోనెత్తలేదు. ఆదివారం యర్రగొండపాలెం బస్సెక్కాను. వాళ్ల నాయన గొర్రెలను దొడ్డికి తోలుతూ నన్ను చూసి కూతురిని గద్దించాడు.

"సారే ఇంటికొచ్చినాడంటే నువ్వేం తప్పు చేసినావే?"

"తప్పు చేసింది నేనన్నా," అన్నాను.

రమణమ్మ తలెత్తలేదు. "మా వల్ల చెడ్డపేరొస్తాదని మీరే అంటిరి గదా సార్. రేపు నాకు మార్కులు రాకపోతే?"

"రాలేదనే రాస్తారు తల్లీ. నువ్వు రా."

సోమవారం తొమ్మిది మందీ రాశారు. సగటు పడిపోయింది. రమణమ్మ మార్కులు మొదటి రోజు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. సారు ఎర్ర పెన్ను నా చేతికిచ్చి, "ఆ గైర్హాజరీ సంగతి నువ్వే రాయి," అన్నారు. రావద్దన్నది నేనేనని రాసి సంతకం పెట్టాను.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రెండు నెలలూ, ఆ తొమ్మిది మందికీ రోజూ ఆఖరి బస్సు వేళదాకా పాఠం చెప్పాను. ఆ భయం నన్నింకా వదల్లేదు. ల్యాబులో ఉన్న కొద్ది హెడ్‌ఫోన్లలో మొదటివి మాత్రం రోజూ రమణమ్మకే ఇచ్చేవాణ్ని.