మా చిన్న టీవీ మీదికి అక్షరాలు వచ్చిన సాయంత్రం

ఇంతకుముందు ఇది రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. యాభై దాటినాక మా కోడలి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. అక్షరాలు కుదురుగా వచ్చినాక కూడా ఈ సంగతి మాత్రం రాయబుద్ధి కాలేదు. నాతోనే పోనీలే అనుకుంటూ వచ్చాను.

మేము కన్నడం మాట్లాడే ఊళ్ళో, చిక్కపేట బజారు వెనక ఒక వఠారంలో ఉండేవాళ్ళం. నాలుగు ఇళ్ళు, మధ్యలో ఒక కొళాయి. మా ఆయన బట్టల హోల్‌సేల్ అంగడికి టెంపో నడిపేవాడు. తొంభైల్లో ఎవరో వాడి ఇచ్చేసిన చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి తెచ్చాడు. పైన పిడి, వెనక లాగితే పొడుగయ్యే ఏరియల్, ముందు రెండు గుండ్రటి నాబులు. ఒక చేత్తో ఎత్తుకుపోయి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కరెంటు పోతే ఆయన టెంపోను గేటు దగ్గర నిలిపి, దాని బ్యాటరీ నుంచి తీగ లాగేవాడు. వీధంతా చీకటి, మా వసారాలో మాత్రం బొమ్మ. ఆడవాళ్ళందరూ మా ఇంటికే వచ్చేవాళ్ళు. బొమ్మ జారితే నేనే లేచి నాబ్ తిప్పేదాన్ని. చుక్కలు వస్తే ఏరియల్‌ను గోడ వైపు వంచేదాన్ని. "ఆయమ్మ చెయ్యి తగిలితే చాలు, అదే దారికొస్తుంది" అనేవాళ్ళు. ఆ మాట వినడానికే కొన్నిసార్లు అవసరం లేకపోయినా లేచేదాన్ని.

నాకు చదువు రాదని వఠారంలో ఎవరికీ తెలీదు. బస్సు బోర్డు చూడాల్సి వస్తే కళ్ళజోడు మరిచిపోయానని అనేదాన్ని. నాకసలు కళ్ళజోడే లేదు. ఇంటికి ఏ కాగితం వచ్చినా మా ఆయన చదివి, నేను చదివినట్టే మాట్లాడేవాడు.

తరవాత కొడుక్కి పెళ్ళయింది. కోడలు చిత్తూరు వైపు పిల్ల, డిగ్రీ చదివింది, ఆఫీసులో ఉద్యోగం. "అత్తమ్మా, దీన్ని ఇచ్చేసి కలర్ టీవీ తెద్దాం" అనింది. వద్దంటే వద్దన్నాను. పాత వస్తువు మీద ప్రేమ అనుకుంది పాపం. పక్కింటి కలర్ టీవీ నేను చూశాను. రిమోటు నిండా అక్షరాలు, తెర మీద ఎప్పుడూ ఏదో ఒక రాత. మా టీవీ మొరాయిస్తే చుక్కలు చూపిస్తుంది, చుక్కలు నాకు తెలుసు. కొత్తవి మొరాయిస్తే రాసి చూపిస్తాయి.

నేను పట్టు వదలకపోయేసరికి కోడలు మిద్దె మీద డిష్ పెట్టించి, దాని పెట్టెను ఆ పాత టీవీకే తగిలించింది. తెలుగు ఛానళ్ళు రావడం మొదలైంది. "ఇంక నాబులు తిప్పే పని లేదు, అన్నీ ఈ రిమోటుతోనే" అని ఒకసారి చూపించింది. ముందుకు పోయే బటన్, వెనక్కు వచ్చే బటన్ ఎక్కడున్నాయో ఆ జాగాలు గుర్తుపెట్టుకున్నాను. వాటితోనే నెట్టుకొచ్చాను.

చిక్కుడు లాంటి అనపకాయల కాలం అది. ఒక సాయంత్రం నానబెట్టిన గింజలు ముందేసుకుని వఠారం ఆడవాళ్ళం మా వసారాలో పితుకుతూ కూర్చున్నాం. పొట్టు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి దూకుతుంది. కళ్ళు టీవీ మీద పెట్టుకుని చేయగల పని. సీరియల్‌లో అత్త కోడలి గది తలుపు తోయబోతోంది. అప్పుడే బొమ్మకు అడ్డంగా తెల్లటి పలక లాంటిది వచ్చి పడింది. దాని నిండా అక్షరాలు. మాటలు వినబడుతున్నాయి, మనుషులు కనబడరు.

"ఏమని రాసుండాది, చూడక్కా" అనింది ఎదురింటామె. చిక్కపేటలో దారాలు, గుండీలు అమ్మే అంగడి ఆమెది.

"కళ్ళజోడు లోపలుండాది" అన్నాను.

"నాది పెట్టుకో. మన వయసుకు అందరిదీ ఒకటే నంబరు."

"చేతులు తడిగా ఉండాయప్పా."

ఆమె తన కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, తానే నా చెవులకు తగిలించింది. అందరూ నా వైపే చూస్తున్నారు. అక్షరాలు ఇంకా పెద్దవయ్యాయి, అంతే. లేచి టీవీ పక్కన చేత్తో చరిచాను. ఏరియల్ లాగి గోడ వైపు వంచాను. డిష్ వచ్చినాక ఆ ఏరియల్‌తో పని లేదని నాకు తెలుసు.

"దాన్నెందుకు కొడతావక్కా, అదేమన్నా నీ మొగుడా?" అనింది మూలింటామె. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఎదురింటామె తన కళ్ళజోడు వెనక్కి తీసుకుని, అంగళ్ళ బోర్డులు చూసిన అలవాటుతో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. "ఓకే నొక్కమంటా ఉండాది. అంతేనక్కా. నొక్కు."

రిమోటు నా చేతిలోనే ఉంది. ఓకే ఏదో నాకు తెలీదు. బొటనవేలు ఒక బటన్ మీద పెట్టి, తీసి, ఇంకోదాని మీద పెట్టాను. నవ్వులు ఆగిపోయాయి.

తల తిప్పితే గుమ్మంలో కోడలు. ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చిందో, చెప్పులు కూడా విప్పకుండా చూస్తోంది. నా చేతిలోంచి రిమోటు మెల్లగా తీసుకుని నొక్కింది. పలక పోయింది.

"ఇంగ్లీషు కదా, అత్తమ్మకు రాదు" అనింది వాళ్ళతో. "తెలుగైతే గడగడా చదువుతారు. ఇంట్లో తెలుగు పేపరు ఆమె చదివినాకే మాకు."

మా ఇంటికి ఏ పేపరూ రాదు.

ఎదురింటామె ముఖం వెలిగింది. వఠారంలో అందరం మాట్లాడేది తెలుగే, కానీ బడికి పోయినవాళ్ళంతా కన్నడం చదివినవాళ్ళు. ఆమె చెల్లెలి కూతురి పెళ్ళికి మదనపల్లె చుట్టాల కోసం శుభలేఖ తెలుగులో కొట్టిస్తున్నారు. "అచ్చుకు ముందు చూసుకోమని రేపు కాగితం పంపుతారక్కా. మా ఇంట్లో ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. నువ్వు సరిగ్గా ఉండాదంటే కొట్టేయమంటాను. మగపిల్లోడి వాళ్ళ పేర్లు తప్పు పడితే తల ఎత్తుకోలేం."

"దానికేం, తీసుకురా" అన్నాను.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కోడలు, "ఆ శుభలేఖ వస్తే నాకివ్వండి. నేను చూసి చెప్తాను, మీరు వాళ్ళకు చెప్పండి" అనింది. చాలా మామూలుగా అనింది. ఇన్నేళ్ళూ మా ఆయన మోసిన అబద్ధం. ఈ ఇంటికొచ్చి ఏడాది కూడా నిండని పిల్ల, గుమ్మంలోంచే సంగతి కనిపెట్టి, అడక్కుండానే దాన్ని నెత్తికెత్తుకుంది. నా పరువు కోసం తనకు తెలిసినవాళ్ళ ముందు కల్లలాడింది, ఇకమీదట కూడా ఆడుతుంది. చదువు లేదని సిగ్గుపడటం నాకు అలవాటే. ఇది అలవాటు లేని సిగ్గు.

మరుసటి పొద్దున ఎదురింటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో ముగ్గేస్తోంది.

"శుభలేఖ మా కోడలికివ్వు, ఆ పిల్ల చదువుతుంది" అన్నాను.

"నువ్వు చదవవా?"

"నాకు రాదు. తెలుగూ రాదు, కన్నడమూ రాదు. పేపరు మాట నా కోసం అనింది. ఆ పిల్లను ఏమీ అనుకోవద్దు."

పిండి గుప్పిట్లో పట్టుకుని తలెత్తింది ఆమె. "మరి నిన్న నా కళ్ళజోడు పెట్టుకుని ఏం చూసినావక్కా?"

"ఏమీ చూడలేదు."

నవ్వుతుందేమో, నవ్వితే నవ్వనీ అని నిలబడ్డాను. నవ్వలేదు. వంగి గీత కలుపుకుంది. నేను ఇంటికొచ్చి, తల దువ్వుకుంటున్న కోడలితో, "చెప్పేసి వచ్చాను. నువ్వింక నా కోసం ఎవరికీ ఏమీ కల్పించి చెప్పొద్దు" అని, ఆమె టిఫిన్ డబ్బాలో చిత్రాన్నం పెట్టడానికి వంటింట్లోకి పోయాను.